చేద దాటిపోయిన గుమ్మం

నిన్న సాయంత్రం తాళంచెవి మా తలుపుకు రాలేదు. బయటివాళ్ళకు ఇదేమీ పెద్ద సంగతిలా వినిపించదని నాకు తెలుసు. ఆదోని దాటాక ఎమ్మిగనూరు రోడ్డు పక్కన మేము కొందరం స్నేహితులం, ఉద్యోగాల నుంచి దిగిపోయాక కలిసి స్థలం కొని, ఒకే వాకిలి చుట్టూ చిన్న చిన్న ఇళ్ళు కట్టుకున్నాం. ఎవరి ఇల్లు వారిదే, ఎవరి పొద్దుటి కాఫీ వారిదే. బోరు ఒకటి, సంపు ఒకటి, రాత్రి భోజనం మాత్రం అందరికీ ఒకే వంటింట్లో. ఊళ్ళోవాళ్ళు మా ఇళ్ళను ముసలోళ్ళ గేరి అంటారు. గేరి అంటే మా వైపు వీధి. ఆ పేరు చెబితేనే ఆటోవాడికి దారి తెలుస్తుంది కాబట్టి మేమూ రోషం చంపుకుని అదే చెబుతాం.

ఇళ్ళు కట్టుకోవడం సులువుగానే అయింది గానీ, వాకిలి ఎవరు ఊడవాలన్న దగ్గర మా స్నేహం తెగిపోయేదాకా వచ్చింది. జీవితమంతా పిల్లలకు ఐకమత్యం పాఠం చెప్పినవాళ్ళం, చీపురు దగ్గర ఐకమత్యం మరిచిపోయాం. లెక్కల మాస్టరు ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని రోజులు చేయాలన్నాడు. ఇంకొకాయన తమ ఇంట్లో ఇద్దరున్నా భార్యకు నడుం నొప్పి కాబట్టి ఒక్కరి కిందే లెక్క అన్నాడు. నాలాంటి ఒంటరి మనిషికి సగం వంతు చాలని ఎవరో జాలిపడ్డారు. నాకు ఒళ్ళు మండింది. మనుషులను లెక్కపెట్టొద్దు, గుమ్మాలను లెక్కపెట్టండి అన్నాను. మోటరు గది తాళంచెవి ఏ తలుపు మేకుకు ఉంటే ఆ ఇంటివాళ్ళు మర్నాడు మోటరు వేసి సంపు నింపాలి, వాకిలి ఊడవాలి, మొక్కలకు నీళ్ళు పెట్టాలి, చెత్తబండి వస్తే చూసుకోవాలి. దీపాలు పెట్టే వేళకు తాళంచెవిని పక్కింటి మేకుకు తగిలించి రావాలి. ఎవరూ ఎవరికీ పని చెప్పకూడదు. ఇంకో మాట కూడా చేర్చాను. తాళంచెవి ఉన్న ఇల్లే ఆ రాత్రి వంటేమిటో చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడల్లా నేను బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అనేదాన్ని. "సరోజ వంతొచ్చిందంటే మనకు బొరుగులే గతి" అని మాబ్బీ ఏడిపించేది. మాబ్బీ మా పక్కింటామె. నేను తెలుగు చెప్పిన బడిలోనే ఆమె ఉర్దూ చెప్పింది. మా స్నేహం మా ఉద్యోగాలంత పాతది.

పోయిన నెల స్నానాల గదిలో జారిపడ్డాను. కట్టు విప్పారు గానీ కాలు మునుపటిలా రాలేదు, కర్ర పట్టుకోవలసి వచ్చింది. ఆ కర్రతోనే నా వంతు చేశాను. మోటరు కట్టేయడానికి గబగబా నడవలేక సంపు పొంగి, నీళ్ళు వాకిలంతా పారాయి. అందరూ వచ్చి నీళ్ళు తోసేశారు. నిన్న మళ్ళీ నా వంతు రావలసిన రోజు. దీపాల వేళకు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మాబ్బీ తన ఇంటి నుంచి తాళంచెవి పట్టుకుని వచ్చింది, నన్ను చూసి నవ్వింది, నా గుమ్మం దాటి అవతలి సుశీల తలుపుకు తగిలించింది. తిరిగొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఇంగ బేఫికర్‌గా ఉండు సరోజా. నీకు వంతొద్దని అందరం అనుకున్న్యాం" అంది.

అందరూ అనుకున్నారట. ఆ అందరిలో నేను లేను. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలి? ఎమ్మిగనూరులో, నేను లంగా ఓణీ వేసుకునే వయసులో, ఇదే మంచితనం ఒక మనిషిని ఏం చేసిందో దగ్గరుండి చూశాను. తాళంచెవి పద్ధతిని నేను తెచ్చింది అక్కడి నుంచే.

ఎమ్మిగనూరులో మాది నేతగాళ్ళ గేరి. రెండు వరసల ఇళ్ళు ఎదురెదురుగా, నడుమ పొడుగాటి వీధి, ఆ వీధి చివర బావి. ప్రతి ఇంట్లో కాళ్ళు దించి కూర్చుని నేసే మగ్గం గుంట, గుంట పక్కనే పొయ్యి. మేమంతా మగ్గం చప్పుడుకు నిద్రపోయి, మగ్గం చప్పుడుకు లేచిన పిల్లలం. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, గంజి కుంచెకు రాసే నూనె వాసన, ఇవి మూడూ కలిసి మా బట్టల్లో, తల వెంట్రుకల్లో ఉండేవి. బడిలో పక్క పిల్లలు ముక్కు మూసుకుంటే ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. అమ్మ పొద్దున్నే గంజి కాచేది. నాయన కుంచె దులిపేవాడు. అవ్వ అరుగు మీద కూర్చుని ముక్కుపొడుం పీల్చి, రెండు తుమ్ములు తుమ్మి, గేరి మొత్తాన్ని ఒకసారి కలయజూసేది. అవ్వ తుమ్మిందంటే పొద్దు మొదలైనట్టు. ఎవరి వాకిట్లో కసువు ఉన్నా, ఎవరి కాగులో నీళ్ళు తక్కువున్నా అవ్వ కంటికి తప్పేది కాదు.

మా గేరికి ఒక కట్టుబాటు ఉండేది. తాడూ బొక్కెనా కలిపి చేద అనేవాళ్ళం, అది గేరి మొత్తానికీ ఒక్కటే. ప్రతి ఇంటి గుమ్మం పక్కన ఒక కొయ్య దిగగొట్టి ఉండేది. చేద ఏ కొయ్యకు వేలాడితే మర్నాడు వంతు ఆ ఇంటిది. వీధి ఊడవాలి, నూలు నానబెట్టే తొట్టి నింపాలి, గంజికి నీళ్ళు చేదాలి. మనుషులను లెక్కపెడితే కొట్లాటలొస్తాయని, మా పెద్దలు మగ్గాలను లెక్కపెట్టారు. మగ్గానికో రోజు. మా ఇంట్లో రెండు మగ్గాలు కాబట్టి చేద మా కొయ్యకు రెండు రోజులుండేది, అమ్మ అరచేతులు ఎప్పుడూ కాయలు కాసి ఉండేవి. సాయంత్రం చేదను తర్వాతి ఇంటి కొయ్యకు తగిలించి వచ్చేయాలి. పిలవకూడదు, చేతికి ఇవ్వకూడదు. చేతికిస్తే పని చెప్పినట్టవుతుందని అవ్వ అనేది.

చేద ఇంట్లో ఉన్న రోజు గేరి కూడా ఆ ఇంటిదే. పడుగు అంటే మగ్గానికి ఎక్కించే పొడుగు దారాలు. వాటిని వీధి పొడుగునా చాపి గంజి పెట్టి ఆరబెట్టాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు, ఒక్కరితో అయ్యేదీ కాదు. ఎండ ముదరకముందే, గాలి లేవకముందే అయిపోవాలి. నీళ్ళు చేదిన ఇల్లే ఆ పొద్దు పడుగు చాపుకుంటుంది, మిగతా ఇళ్ళవాళ్ళంతా వచ్చి తలా ఓ చెయ్యి వేస్తారు. ఎవరూ ఎవరినీ బతిమాలే పని లేదు. చేద వచ్చిందంటే గేరీ వచ్చింది, మనుషులూ వచ్చారు. చీదరించుకుంటూ చేసే పనే అయినా, కొయ్యకు చేద కనబడితే అమ్మ ముఖంలో ఒక దర్జా వచ్చేది. అది ఎందుకో ఆ వయసులో నాకు తెలియలేదు.

మా ఎదురింట్లో ఈరమ్మ పెద్దమ్మ ఉండేది. చుట్టరికం లేదు, పిలుపు అంతే. పిల్లలు లేరు. పెద్దనాయన జ్వరంతో పోయాక, మగ్గాన్ని విప్పి ఎవరికైనా ఇచ్చేస్తుందనుకున్నారు. ఆమె ఆ మగ్గం గుంటలోకి తనే దిగింది. మా గేరిలో ఆడవాళ్ళు నూలును కండెలకు చుట్టేవాళ్ళు, గంజి పెట్టేవాళ్ళు గానీ గుంటలో కూర్చున్న మొదటి మనిషి ఆమే. ముతక తువ్వాళ్ళు నేసేది. మగ్గం ఉంది కాబట్టి వంతూ ఉంది. సన్నటి మనిషి, పైగా ఆయాసం. బావి లోతు. నాలుగు చేదలు తోడి గిలక స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయేది. ఆమె వంతు రోజు తొట్టి సగానికే నిండేది. చిలపలు, అంటే నూలు కట్టలు, సరిగా మునగక ఒకరిద్దరు గొణుక్కున్నారు గానీ, అవ్వ ఒక్క చూపుతో వాళ్ళ నోళ్ళు మూయించింది.

అమ్మకు ఆమె అవస్థ చూడబుద్ధి కాలేదు. ఈరమ్మ పెద్దమ్మ వంతు రోజున అమ్మ చీకటి విడవకముందే లేచి, చేద చప్పుడు కాకుండా తీసుకుపోయి తొట్టి నింపేసి, మళ్ళీ ఆమె కొయ్యకే తగిలించి వచ్చింది. ఎవరికీ తెలియదనుకుంది. ఈరమ్మ పెద్దమ్మ లేచి నిండిన తొట్టిని చూసింది. తర్వాత చేద తీసుకుని బావి దగ్గరికి పోయి, తోడిన నీళ్ళు బిందెతో మోసుకుంటూ ఒక్కొక్క ఇంటికీ పోయి వాళ్ళ కాగుల్లో పోయడం మొదలుపెట్టింది. మా ఇంటికొచ్చేసరికి ఆమె ఎదురురొమ్ము ఎగసెగసి పడుతోంది.

"అయ్యో వద్దక్కా, తొట్టి నిండే ఉండాది గదా" అంది అమ్మ, బిందె అందుకోబోతూ.

"తొట్టి నిండితే ఏమాయె, ఇండ్లు ఉండాయి గదా. నా వంతు నీళ్ళు యాడన్నా పోయాల గదా" అని ఈరమ్మ పెద్దమ్మ బిందె ఇవ్వకుండా తనే వొంపి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అమ్మ చీకట్లో చేద ముట్టలేదు. అవ్వ మాత్రం, ఇది ఇట్ల కాదు అనుకున్నట్టుంది. తర్వాత ఒక పొద్దున పడుగు పని ముగిశాక అందరూ చేతులు కడుక్కుంటుంటే, అరుగు మీది నుంచి చెప్పింది. "ఇంగ మీదట సేద ఈరమ్మ కొయ్యకు తగిలీయొద్దండి. దాని రెక్కల్లో సత్తువ లేదు. దాని వంతు నీళ్ళు మనమే తలా ఇన్ని సేదుకుందాం. ఏమంటారు?"

ఎవరంటారు కాదని? అందరి ముఖాలూ విప్పారాయి. గొణిగినవాళ్ళే అందరికంటే ముందు సరేనన్నారు. మా గేరి ఎంత మంచిదో అని నాకు కూడా గర్వంగా అనిపించింది. ఈరమ్మ పెద్దమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. చివరికి, "మరి నా పడుగు సాపేదెప్పుడత్తా?" అని అడిగింది.

"దానికేమమ్మా, నీకెప్పుడు కావాల్నంటే అప్పుడే. నీకు వంతుతో పనేమి? ఒక మాట అడుగు సాలు, అందరం వస్తాం" అంది అవ్వ.

అవ్వ మనసులో కల్మషం లేదు. ఆ మాట అన్నప్పుడు ఎవరి మనసులోనూ లేదు. వంతు అంటే బరువు అని మాత్రమే అందరూ అనుకున్నాం. ఆ బరువుకే గేరి కట్టేసి ఉందని, గేరికే మనుషులు కట్టేసి ఉన్నారని, ఒకటి విప్పితే మూడూ ఊడిపోతాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు అన్నది వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ అన్ని రోజులూ తలా ఒకరివైనప్పుడు, ఎప్పుడైనా అన్న రోజు ఎవరి రోజులోంచి రావాలి?

ఈరమ్మ పెద్దమ్మ మొదటిసారి వచ్చి అడిగినప్పుడు అందరూ పరుగెత్తుకుంటూ పోయారు. రెండోసారి ఆ రోజు వంతువాళ్ళ పడుగు వీధిలో చాపి ఉంది. "ఈ పొద్దు మాదుండాదే పెద్దమ్మా, రేపు సూద్దాం" అన్నారు. రేపు ఇంకొకరిది ఉంది. తర్వాతి రోజు గాలి. ఆ తర్వాత జాతర. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ కసురుకోలేదు. ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడితే అమ్మ పీట వేసేది, మజ్జిగ ఇచ్చేది. ఆమె మజ్జిగ తాగి, అడగడానికి వచ్చిన మాట అడగకుండానే వెళ్ళిపోయేది. నేను గ్లాసు కడుగుతూ, ఈమె ఊరికే ఎందుకు వస్తుందా అనుకునేదాన్ని.

నేతగాళ్ళ ఇళ్ళలో ఏ మగ్గం ఎవరిదో చప్పుడును బట్టి చెప్పేస్తారు. ఒక మధ్యాహ్నం నాయన నేస్తూ నేస్తూ ఆగి, "ఈరమ్మ మగ్గం పలకడం లేదే" అన్నాడు. అప్పుడు అందరం చెవులు పెట్టి విన్నాం. నిజంగానే పలకడం లేదు. ఎన్నాళ్ళ నుంచి పలకడం లేదో ఎవరం చెప్పలేకపోయాం. అవ్వ ఆమెను పిలిపించి కోప్పడింది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నోరు తెరిసి అడగొచ్చు గదా, మేమంతా సచ్చినామా?"

"అడిగి పెట్టించుకునేది అమ్మ దగ్గరే గదత్తా" అంది ఈరమ్మ పెద్దమ్మ. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది.

అవ్వ ముక్కుపొడుం డబ్బీ తీసి, పీల్చకుండానే మూసింది. ఆ సాయంత్రం చేద మా కొయ్యకు ఉంది. అవ్వ తనే దాన్ని తీసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ వీధి దాటి ఎదురింటికి నడిచింది. నేను అవ్వ వెనకే వెళ్ళాను. ఈరమ్మ పెద్దమ్మ లోపల దీపం పెడుతోంది. మసక చీకట్లో అవ్వ చూపు ఆనక, ఒక చేత చేద పట్టుకుని, రెండో చేత్తో గుమ్మం పక్కన గోడ తడిమింది. పైకి తడిమింది, కిందికి తడిమింది. కొయ్య లేదు. ఉండవలసిన చోట వేలు పట్టేంత రంధ్రం ఉంది.

"కొయ్య పీకేసినావేమమ్మా?" అంది అవ్వ.

ఈరమ్మ పెద్దమ్మ దీపం చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "పొద్దు మునిగేతప్పుడు రోజూ దాని దిక్కే సూస్తాంటి అత్తా. ఖాళీగా ఉంటే సూడలేకపోతిని."

అవ్వ చేదను ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. నేల మీద పెట్టకూడదు, చేతికివ్వకూడదు, తగిలించడానికి కొయ్య లేదు. గేరి మొత్తానికి న్యాయం చెప్పిన మనిషి అంత దిక్కులేకుండా నిలబడటం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. కొత్త కొయ్య కొట్టిస్తానంది అవ్వ. కౌతాళంలో ఉన్న తమ్ముడికి అప్పటికే కబురు పంపానని, బండి వస్తుందని ఆమె చెప్పింది. ఆ వారంలోనే మగ్గం విప్పి బండికెత్తుకుని పోయింది. అందరం బండి దాకా వెళ్ళి ఏడ్చాం. ఆమె మాత్రం ఏడవకుండా, తొట్టిలో నీళ్ళున్నాయో లేదో ఒకసారి తొంగిచూసి బండెక్కింది. మంచికి పోతే చెడ్డ ఎదురయిందని అవ్వ తాను పోయేదాకా అంటూనే ఉండేది. తాను చేసిన తప్పేమిటో మాత్రం అవ్వకూ చెప్పడానికి వచ్చేది కాదు, మాకూ వచ్చేది కాదు.

ఇప్పుడు ఎమ్మిగనూరులో ఆ బావి పూడిపోయింది. వీధికి సిమెంటు వేశారు, పడుగు చాపేవాళ్ళు లేరు. మా ముసలోళ్ళ గేరిలో మీట నొక్కితే నీళ్ళొస్తాయి. బావి లోతు ఎక్కడ, మోటరు మీట ఎక్కడ! అప్పటికంటే పని తేలిక, మనుషులు చదువుకున్నవాళ్ళు, నాకు జరుగుబాటుకు లోటు లేదు. ఈరమ్మ పెద్దమ్మకు పోయింది మగ్గం, కూడు. నాకు పోయింది ఏమిటని అడిగితే, ఒక రాత్రి ఉగ్గాని వండించే హక్కు అని చెప్పాలి. చెప్పుకుంటే నవ్వుతారు. నాకే నవ్వొస్తోంది. కానీ నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు.

ఈ పొద్దున మాబ్బీ గిన్నె నిండా ఉగ్గాని చేసి తెచ్చింది. బజ్జీలు కూడా వేసింది. "తిను, నీకిష్టమని చేసినా" అని ఎదురుగా కూర్చుంది. ఇక ఉండబట్టలేక, ఈరమ్మ పెద్దమ్మ కథంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. చేద, కొయ్య, గోడలో రంధ్రం, ఏదీ దాచలేదు. కొయ్య పీకేసిన మాట దగ్గర మాబ్బీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "యా అల్లా, ఎంత నొచ్చుకున్న్యాదో పాపం. మీవోళ్ళకు ఆ మాత్రం తెలీలేదా?" అంది. నా గుండె తేలికైంది. అర్థమైందనుకున్నాను.

"మరి నా తాళంచెవి?" అన్నాను.

మాబ్బీ విచిత్రంగా చూసింది. "నీకూ ఆమెకూ పోలికేంది సరోజా? ఆమెది పొట్టకూడు. నీకు రెస్టు ఇస్తాంటే నువ్వేంది ఇట్ల! మళ్ళా పడితే నిన్నెవరు లేపాల? నీకేం కావాల్నన్నా నోరు తెరిసి అడుగు. మా దగ్గర మొహమాటమేంది?" అని ఉగ్గాని నా కంచంలో వొంపి, ఖాళీ గిన్నె తీసుకుని, పోతూ పోతూ నా కర్రను చేతికందేలా జరిపిపెట్టింది. ఆమె అన్న ప్రతి మాటా నిజమే. మళ్ళీ పడితే లేపవలసింది ఆమే.

సాయంత్రం దీపాల వేళకు సుశీల తన ఇంటి నుంచి తాళంచెవి తీసుకుని అవతలి తలుపుకు నడిచింది. నన్ను చూసి ఆగి, "బాగుండావా అక్కా?" అంది. "బాగుండానమ్మా" అన్నాను. తాళంచెవి మేకుకు తగిలిన చప్పుడు వినిపించింది. నా తలుపు మేకు వైపు చూడకూడదనుకున్నాను గానీ చూశాను. మేస్త్రీ దాన్ని కాస్త పైకి కొట్టాడు. మాబ్బీ పొడగరి, అవలీలగా తగిలించేది. పొట్టిదాన్ని నేను, మునివేళ్ళ మీద లేచి తాళంచెవి తీసుకునేదాన్ని, పోయిన వంతుకు మాత్రం కర్రతో ఎగదోసి దించుకున్నాను. ఆ మేకును పీకేద్దామని లేచాను. మునివేళ్ళ మీద నిలబడటానికి కాలు ఒప్పుకోలేదు. కుర్చీ ఎక్కితే అందుతుంది. ఈ కాలితో కుర్చీ ఎక్కాలంటే, ఎవరో ఒకరు వచ్చి పట్టుకోవాలి. పట్టుకోమని నేను అడగాలి.